దుర్గాంబ పెద్దమ్మ ఉప్పు ట్రైనింగు

మా దుర్గాంబ పెద్దమ్మ కూరలో ఉప్పు వెయ్యదు. మొక్కలకి వేస్తుంది. చోడవరం మొత్తంలో ఇలాంటి మనిషి ఇంకొకరుంటే చూపించండి, నా పేరు మార్చుకుంటాను.

కాలేజీలో బోటనీ చెప్పి రిటైరైంది. ఇప్పుడు మేడ మీద ట్రేలలో వరినారు పెంచుతూ, చెంబునీళ్లలో ఉప్పు కలిపి, నాలిక మీద వేసుకు చప్పరించి మరీ పోస్తుంది. పెదనాన్న లక్ష్మీనరసింహం గారు కంచం ముందు కూర్చుంటే రోజూ ఇదే గొడవ.

“ఉప్పేదే?”

“నారుకి పోసేసేను. మీకు బీపీ, దానికి ట్రైనింగు.”

“వరికి ట్రైనింగేటే!”

“ఉప్పు తగిల్తే ఆకులో తుప్పులాటి విషం పుడతాది. విరుగుడు ఆకే తయారుచేసుకోవాలి. కొంచెం కొంచెం రుచి చూపిస్తే ముందే సిద్ధంగా ఉంటాది.”

పాలు పోసే రాజ్యానికి గోవాడ దగ్గర చిన్న పొలం ఉంది. బోరు ఉప్పగా మారి నిరుడు నారంతా మాడిపోయింది. “ఈ యేడూ మాడితే పొలం అమ్మేస్తానమ్మా” అని గుమ్మంలో ఏడ్చింది. పెద్దమ్మ పాలగిన్నె పట్టుకుని లోపలికి వెళ్లిపోయింది. ఇంత రాతి మనిషేమిటా అనుకున్నాం.

ఈలోగా పెదనాన్నకి నారు మీద జాలేసింది. ఒక ట్రేకి ఉప్పునీళ్లు తగలనీకుండా రోజూ దొంగచాటుగా కుళాయి నీళ్లు పోశారు. పెద్దమ్మ పట్టేసింది.

“గారం చేసి పాడుచేసేరు!”

మర్నాడు పెద్దమ్మ, రాజ్యం పొలంలోని బోరునీళ్లు క్యానుతో తెప్పించి ఆ ట్రేకీ, ఉప్పు తాగిన ఇంకో ట్రేకీ పోసింది. వారం తిరక్కుండా గారాల ట్రే కొసలు మాడి వాలిపోయింది. ఉప్పు తాగిన ట్రే పచ్చగా నిలబడింది.

“ఒసే రాజ్యం! పైకి రాయే! నీ బోరునీళ్లే తాగిందీ నారు, సూడు!”

రాజ్యం నారుని తడిమి తడిమి చూసింది. “ఇన్నాళ్లూ సెప్పలేదేటమ్మా?”

“ముందే ఆశపెట్టి, ఇదీ మాడిపోతే నీ మొహం ఎలా చూడనే?”

పెద్దమ్మ నాలిక మీద అన్నాళ్లూ చప్పరించింది రాజ్యం బోరు రుచి కుదిరిందో లేదో చూడ్డానికట. మాకెవరికీ తట్టలేదు.

రాజ్యం అదే పద్ధతిలో నారు పోసింది. పొలం నిలిచింది. ఇప్పుడు బస్సులో నా పక్కన ఎవరు కూర్చున్నా, అడక్కపోయినా, కిటికీలోంచి ఆ చేను చూపించి “మా పెద్దమ్మ చలవే” అంటాను.

కొత్తబియ్యం మొదటి కుంచం రాజ్యం మా పెద్దమ్మకే తెచ్చింది. పెదనాన్న ముద్ద నోట్లో పెట్టుకుని ఆగారు.

“ఉప్పు...”

“ఆ బియ్యం చాలినంత తాగే వచ్చింది. తినండి!”

పెదనాన్న మారు మాట్లాడకుండా, మారు వడ్డించుకున్నారు.