మూల పీపా, ఒడిలోన్ ముక్కు

ఒడిలోన్ నోరు విప్పాడంటే ఆపడం వాళ్ళ అక్క గోడెలీవ్ తరం కూడా కాదు. శనివారం వచ్చిందంటే ఆంట్‌వెర్ప్ నుంచీ, గెంట్ నుంచీ, ఇంకా ఎక్కడెక్కడి నుంచో బీరు రుచి తెలుసుకోవాలని జనం దిగుతారు. వాళ్ళందరినీ నేలమాళిగలోకి దించి, పీపాల మధ్య నిలబెట్టి, తలా ఒక గ్లాసు చేతికిచ్చి, "తాగకండి, తాగకండి, ముందు ముక్కు పెట్టండి" అంటాడు. ఆ తర్వాత ఇక వరదే. ఈ పీపాలో ఎండుగడ్డి, దాని పక్కదాంట్లో పంపరపనస తొక్క, అదిగో ఆ వరస చివర్న వానలో తడిసిన గుర్రం మీద కప్పిన దుప్పటి. గుర్రపు దుప్పటి కంపు కూడా ఒక పొగడ్తేనా అని కొత్తవాళ్ళు మొహమొహాలు చూసుకుంటారు గానీ, మా జెన్న నది లోయలో బీరుకి అంతకు మించిన మెచ్చుకోలు లేదు.

మనిషి చెడ్డవాడు కాదు. అరవై దాటినా పెళ్ళి మాట ఎత్తకుండా, నిన్నమొన్నటి దాకా బడిపిల్లల బస్సు నడుపుకుంటూ, అక్కతోనే ఉండిపోయాడు. ఇల్లూ, దాని కింద నేలమాళిగా, అందులోని పీపాలూ వాళ్ళ నాన్న వదిలిపోయినవి. వాళ్ళు బీరు కాచరు. కాచేవాళ్ళ దగ్గర్నుంచి లాంబిక్ అనే పచ్చి పుల్లబీరు తెచ్చుకుని, చెక్క పీపాల్లో పోసి, ఏళ్ళ తరబడి దాని మానాన దాన్ని వదిలేస్తారు. చలికాలం పోతూండగా మూడేళ్ళ ముసలిదాన్నీ ఏడాది పిల్లదాన్నీ తగు పాళ్ళలో కలిపి సీసాల్లోకి ఎక్కిస్తారు. అదే గ్యూజ్. ఏ పీపా కలపాలో, ఏది పక్కన పెట్టాలో ఎంచడమే అసలు విద్య. ఆ విద్య గోడెలీవ్‌ది. ఒడిలోన్‌ది నోరు.

ఈ ఏర్పాటు హాయిగా సాగిపోతూ ఉండగా, ఫిబ్రవరి చివర్లో ఒక పొద్దున అక్క కాఫీ పోస్తూ పోస్తూ ఒక మాట అనేసింది.

"ఈసారి పీపాలు నువ్వెంచరా."

ఒడిలోన్ అప్పుడు మాడిన రొట్టె ముక్కని చాకుతో గీరుకుంటున్నాడు. కొన్నేళ్ళుగా ఆ ఇంట్లో రొట్టె మాడని రోజు లేదు.

"నేనా?"

"నువ్వే. మూల పీపా కలపాలో వద్దో కూడా నువ్వే చూసి చెప్పు. ఎండలు మొదలవకముందే సీసాలెక్కాలి."

"నీకేమైందక్కా?"

"నాకేమవుతుంది, గుండ్రాయిలా ఉన్నాను. తిను, చల్లారిపోతోంది."

అంతే, లేచి పెరట్లోకి వెళ్ళిపోయింది. ఒడిలోన్‌కి తలా తోకా అర్థం కాలేదు. తనేమైనా అనకూడని మాట అన్నాడా? అలిగిందా? అలిగితే గిన్నెలు చప్పుడవ్వాలి, అవలేదు. పోనీ పరీక్ష పెడుతోందా? ఈ వయసులో ఇప్పుడు పరీక్షేమిటి? కాఫీ చల్లారిపోయిందాకా అలాగే కూర్చున్నాడు.

నిజం చెప్పుకోవాలంటే ఆ వాసనల మాటలు మొదట్లో అతనివి కావు. శుక్రవారం సాయంత్రం అక్క ఒక్కో పీపా దగ్గర ముక్కు పెట్టి, దీంట్లో గడ్డి, దాంట్లో నిమ్మ అని పొడిపొడిగా చెప్పేది. ఆ పొడిమాటలకి నగలు తొడిగి శనివారం ఊరేగించేవాడు తమ్ముడు. తర్వాత ఎప్పుడో ఆవిడ చెప్పడం మానేసింది. అడిగితే "నీకు తెలుసుగా, నువ్వే చెప్పు" అనేది. ఎంచేది ఆవిడే కదా, నేనేమంటే మాత్రం ఎవరి సొమ్మేం పోయింది అనుకుని, అతను నోటికొచ్చింది చెప్పుకుపోయాడు. తన ముక్కుకి గడ్డి తగిలి గడ్డి అన్నాడో, అనడం అలవాటై అన్నాడో, ఇన్నేళ్ళలో ఆ ముక్కుని ఒక్కసారి అడిగిన పాపాన పోలేదు. ఇప్పుడు హఠాత్తుగా అడిగితే అది మాత్రం ఏం చెబుతుంది?

అయినా గ్లాసు పట్టుకుని కిందికి దిగాడు. మూల పీపా మామూలు పీపా కాదు. చేతులు బారచాపినా ఈ అంచు నుంచి ఆ అంచుకి అందదు. ఈసారి మూడేళ్ళ లాంబిక్ అంతా దాని కడుపులోనే ఉంది. అది కలవకపోతే ఈ ఏడాది సగం సీసాలు కూడా రావు. పాడైందని తెలియక కలిపారా, మంచి పీపాలన్నీ దాంతోపాటు గంగలో కలిసినట్టే. శనివారాల్లో దాన్ని ఎవరికీ పొయ్యరు, అది ఆ ఇంటి ఆచారం. ఒడిలోన్ పీపా మొహానికి కొట్టిన చిన్న మేకు లాగితే సన్నటి ధార గ్లాసులో పడింది. ముక్కు పెట్టాడు. ఘాటుగా ఏదో నెత్తికెక్కింది. నోట్లో పోసుకున్నాడు. పులుపు. అయితే ఏ పులుపు?

అసలు చిక్కంతా అక్కడే ఉంది. మా వైపు వాళ్ళు పీపా పాడైందని చచ్చినా ఒప్పుకోరు. "జబ్బు చేసింది" అంటారు. అందులో నిజం లేకపోలేదు. ఎండాకాలంలో లాంబిక్‌కి జబ్బు చేస్తుంది, నూనెలా జిగటగా సాగుతుంది, చూస్తేనే కడుపులో తిప్పుతుంది. అలాంటిదాన్ని ఎవరూ పారబొయ్యరు. తలుపేసి వదిలేస్తే కొన్ని నెలలకి దానంతటదే లేచి కూర్చుని, ముందుకన్నా బాగుంటుంది. అందుకని ఓపిక పట్టడమే మా దగ్గర గొప్ప. ఓపిక పట్టీ పట్టీ చివరికి వెనిగర్ తాగిన కుటుంబాలు కూడా ఉన్నాయి, వాళ్ళ పేర్లు ఇప్పుడెందుకు లెండి. మొన్న ఎండాకాలంలో ఈ పీపాని చూసి గోడెలీవ్ కూడా "జబ్బేరా, తగ్గిపోతుంది" అంది. తగ్గిందా? తగ్గుతోందా? తగ్గకుండా పోయిందా? ఒడిలోన్ మళ్ళీ ఒక గుక్క తాగాడు. మొదటిసారి కొంచెం తెలిసినట్టున్నది కూడా ఈసారి తెలియకుండా పోయింది.

మధ్యాహ్నం రోడ్డు దాటి సెరఫీన్ హోటలుకి వెళ్ళాడు. సెరఫీన్ అతనితో పాటు బడికెళ్ళిన మనిషి, నోటికి అదుపు లేదు. పెద్ద రొట్టె ముక్క మీద మెత్తటి తెల్ల చీజు పూసి, ముల్లంగి చక్రాలూ ఉల్లికాడలూ చల్లి అతని ముందు పెట్టింది.

"ఏంటి, మొహం అలా వేలాడేశావ్?"

చెప్పాడు. ఆవిడ నడుం మీద చేతులు పెట్టుకుని విన్నది.

"శనివారం వస్తే వంద వాసనలు చెప్తావ్. ఇప్పుడు ఒక్కటి చెప్పమంటే ఏడుస్తున్నావా?"

"ఏడవట్లేదు. అక్కకి ఆ పీపా అంటే ప్రాణం. పోయిందంటే ఏమైపోతుందో. పోలేదని చెప్పి కలిపేశాక పోతే నేనేమైపోతానో."

"అయితే ఆ వచ్చే జనం ముక్కులు అరువు తీసుకో. ఊరికే తాగిపోతున్నారుగా."

ఆవిడ ఎగతాళికే అంది. ఒడిలోన్ మాత్రం రొట్టె నములుతూ ఆ మాట పట్టుకున్నాడు.

శనివారం జనం వచ్చారు. మొదటి పీపాల దగ్గర మాటల వరద ఎప్పటిలాగే పారింది. మధ్య వరసలో ఒక పీపా దగ్గర రెండు ముక్కల్లో ముగించి గబగబా పక్కకి జరిగాడు, ఇంకోదాని దగ్గర పంపరపనస గురించి చెప్పి చెప్పి జనాన్ని నిలువుకాళ్ళ మీద నిలబెట్టాడు. చివరికి ఆచారం పక్కనపెట్టి మూల పీపా మేకు లాగి అందరికీ తలా కాస్త పోశాడు.

"ఈసారి నేను చెప్పను. మీరే చెప్పండి," అన్నాడు.

కోర్ట్‌రెయిక్ నుంచి వచ్చిన ఎర్రగడ్డం ఆయన కళ్ళు మూసుకుని పచ్చి ఆపిల్ అన్నాడు. ఆంట్‌వెర్ప్ జంటలో మొగుడు చర్చిలో పాత బీరువా అంటే, పెళ్ళాం "ఏ బీరువా, తోలు చెప్పులు" అంది. ఇంకొకాయన చాలా లోతుగా ఉందన్నాడు. లోతంటే ఏమిటో ఆయనకే తెలియాలి. ఎవరిదారి వారిది, ఒకరు చెప్పింది ఇంకొకరు ఒప్పుకోరు. ఒడిలోన్ బుర్రలో ఉన్న కాస్త వెలుగు కూడా ఆరిపోయింది. అందరికన్నా వెనక నిలబడ్డ ఒక పెద్దావిడ గ్లాసు కిందికి దించి నెమ్మదిగా అడిగింది.

"మీకేమనిపిస్తోంది మరి?"

ఒడిలోన్ నోరు తెరిచాడు. గడ్డి, నిమ్మ, తేనె, గుర్రపు దుప్పటి, ఏ మాటా రాలేదు. జనం అతని నోటివంకే చూస్తూ నిలబడిపోయారు. అప్పుడు పైన మెట్ల చీకట్లోంచి గోడెలీవ్ గొంతు వినిపించింది.

"మాట్లాడరా. ఎందుకాగిపోయావ్?"

జనాన్ని సాగనంపి వచ్చేసరికి ఆవిడ మెట్లు దిగి పీపాల దగ్గర నిలబడి ఉంది.

"నువ్వు మెట్ల మీద ఏం చేస్తున్నావక్కా?"

"కూర్చున్నాను. ప్రతి శనివారం కూర్చుంటాను."

"ఎందుకు?"

"నువ్వు మాట్లాడేది వినడానికి."

"నా మాటలు నువ్వు వినేదేంటి? ఎంచేది నువ్వు కదా?"

గోడెలీవ్ పీపా చెక్క మీద అరచెయ్యి ఆనించింది. తర్వాత, ధరలు చెబుతున్నంత మామూలుగా చెప్పింది.

"నాకు వాసన తెలీదురా. ఆ ఏడు పెద్ద జలుబు చేసి మంచం పట్టాను చూడు, అప్పుడు పోయింది, మళ్ళీ రాలేదు. కాఫీ లేదు, సబ్బు లేదు, ఏదీ లేదు. నువ్వు ఏ పీపా దగ్గర ఊగిపోతూ మాట్లాడతావో అది కలుపుకొచ్చాను. ఏ పీపా దగ్గర మాట తెంచేసి పక్కకి పోతావో దాన్ని వదిలేశాను. ఈ మూలది నువ్వు ఎవరికీ పొయ్యవు, దీని గురించి ఒక్క మాటా అనవు. నాకేం దారి? అందుకే అడిగాను."

ఒడిలోన్ లెక్క చూసుకున్నాడు. ఇన్నేళ్ళూ అక్క ముక్కుని నమ్ముకుని తను వాగాడు. ఆ వాగుడుని నమ్ముకుని అక్క పీపాలు కలిపింది. ఆ గ్యూజ్ కోసమే జనం ఎక్కడెక్కడి నుంచో వస్తున్నారు. మరి దాన్ని చేసింది ఎవరు? ఎంత ఆలోచించినా కొస దొరకలేదు.

"చెప్పకూడదా నాకు?"

"చెబితే నువ్వు భయపడి నోరు మూసుకునేవాడివి. నువ్వు నోరు మూసుకుంటే ఈ కొట్టూ మూసుకోవాల్సిందే." ఆవిడ తమ్ముడి మొహంలోకి చూసింది. "ఒరేయ్, నువ్వు చెప్పేవన్నీ నిజమేనా?"

"సగం నిజం."

"ఏ సగం?"

"అదే తెలియట్లేదక్కా."

గోడెలీవ్ ఫక్కున నవ్వింది. ఆ చలికాలంలో ఆవిడ నవ్వడం అదే మొదలు.

"పోనీలే, సగంతోనే ఇంతకాలం నెట్టుకొచ్చాం. ఇవాళ ఇక్కడ ఎందుకాగావో అది చెప్పు చాలు."

ఒడిలోన్ మళ్ళీ మేకు లాగి గ్లాసులో పట్టాడు. కళ్ళు మూసుకుని, మాటల కోసం వెతక్కుండా, ఊరికే ముక్కు పెట్టి నిలబడ్డాడు. అతనికి తెలిసింది ఒక్కటే. ఆ గ్లాసు కింద పెట్టేసి అక్కణ్ణించి వెళ్ళిపోవాలనిపించింది. ఏ మంచి పీపా దగ్గరా అతనికి అలా అనిపించలేదు. 

"ఇది జబ్బు కాదక్కా. పోయింది. ఇక తగ్గదు."

ఆవిడ గోడకున్న చెక్క సుత్తి తీసుకుని, పీపా అడుగున ఉన్న బిరడా మీద రెండు దెబ్బలు వేసింది. అది ఊడి పడటం, లాంబిక్ గుబగుబమంటూ నేలమీది కాలవలోకి దూకడం ఒక్కసారే జరిగాయి.

"ఆగక్కా, ఆగు. నాది తప్పైతే?" ఒడిలోన్ వంగి రెండు చేతులూ అడ్డం పెట్టబోయాడు. చొక్కా తడవడం తప్ప ఏమీ జరగలేదు.

"నువ్వేగా చెప్పావు," అంది గోడెలీవ్. 

మూడేళ్ళ లాంబిక్ వాళ్ళ బూట్ల మీదుగా పారిపోతోంది. ఒడిలోన్ దాన్ని చూస్తూ నిలబడ్డాడు, కళ్ళంట నీళ్ళు కారుతున్నాయి. దుఃఖానికే అనుకున్నాడు ముందు. తర్వాత కళ్ళు మండుతున్నాయని తెలిసింది, గొంతు పట్టేసింది, దగ్గు ముంచుకొచ్చింది. పీపా సగమయ్యేసరికి ఇక అనుమానమే లేదు, నేలమాళిగంతా వెనిగర్. రోడ్డవతల నుంచి సెరఫీన్ ఏప్రను మొహానికి అడ్డం పెట్టుకుని పరుగున వచ్చి, సగం మెట్ల దగ్గరే ఆగిపోయింది.

"ఏం పారబోశారే తల్లీ, వీధంతా దగ్గి చస్తున్నారు. నా కళ్ళు పోయేట్టున్నాయి."

ఒడిలోన్ గోడకి ఆనుకుని దగ్గుతున్నాడు. ఆ ఘాటు మధ్య గోడెలీవ్ ఒక్కతే నింపాదిగా నిలబడి, ఒకసారి సెరఫీన్ వైపూ, ఒకసారి తమ్ముడి వైపూ చూసింది.

"అంత ఘాటుగా ఉందా?" అని అడిగింది.

అప్పుడు అర్థమైంది ఒడిలోన్‌కి. ఇందాక చెప్పినప్పుడు చెవులతో విన్నాడు గానీ అర్థం కాలేదు. ముక్కూ మొహం తెలియని వాళ్ళందరికీ వాసనలు విడమరిచి చెప్పిన మనిషి, రోజూ తన పక్కన కూర్చుని కాఫీ తాగే అక్కకి ఆ కాఫీ వాసన లేదని ఇన్నేళ్ళలో కనిపెట్టలేకపోయాడు. పైగా రొట్టె మాడ్చావని వేళాకోళం కూడా చేశాడు. సిగ్గుతో చచ్చిపోయాడు.

"ఉందక్కా. చాలా ఉంది," అన్నాడు.

"ఎలా ఉంది?"

అతను చొక్కా చేత్తో మొహం తుడుచుకుని, ఆవిడ పక్కకి వచ్చి నిలబడ్డాడు. వెనిగర్ ముక్కులో సూది దింపినట్టుందని చెప్పాడు. దాని కింద తడిసిన చెక్క ఉందన్నాడు. సెరఫీన్ ఏప్రను మీంచి ఉల్లికాడల వాసన వస్తోందన్నాడు. పై కిటికీ తెరిచి ఉన్నట్టుంది, ఎవరో పొలంలో ఎరువు తోలుతున్నారన్నాడు. ఈసారి ఒక్కదానికీ నగలు తొడగలేదు. గోడెలీవ్ సుత్తి చేతిలో పట్టుకునే, కళ్ళు మూసుకుని, "ఊఁ, ఇంకా?" అంటూ వింటోంది.