వట్టివేళ్ల తడకల చీకటి

మా ల్యాబ్ పెద్దాయన పేరెత్తితే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. ఆయన పోయి ఏళ్లయింది. మంట మాత్రం తగ్గలేదు.

ఎనభైల్లో కరీంనగర్‌లో ఆయన కింద పరిశోధన చేశాను. నస్పూర్‌లో మా క్వార్టర్ల వెనక, లోపల్లోపలే కాలుతుండే బొగ్గుచెత్త గుట్ట ఉండేది. ఆ వేడి మట్టిలో బతికే సూక్ష్మజీవుల మీద నా పని. డబ్బాలో మట్టి నింపుతుంటే, గనిలో పనిచేసే మా బాపు నవ్వాడు.

"నా చెప్పులే కాలుతున్నయ్. దాంట్ల ఏం బతుకుతదే బిడ్డా?"

బతికేవి. వాటి మీద అతినీలలోహిత కాంతి వేసేదాన్ని. ఆ దెబ్బకు డీఎన్ఏలో పక్కపక్కనున్న అక్షరాలు అతుక్కుపోతాయి. అతుకులు ఎక్కువైతే జీవి చస్తుంది. తర్వాత వాటిని గాజు గొట్టాల్లో పోసి, కిటికీ పక్కన వేడినీళ్ల గిన్నెలో కాసేపు ఉంచి, పళ్లేల్లో పోసి, ఓవెన్లో పెట్టేదాన్ని. చలికాలమంతా, బతికినవి పళ్లేల్లో మచ్చలు మచ్చలుగా పెరిగాయి. ఎండలు ముదరగానే ఒక్కటీ లేవలేదు.

"వేడిల బతికేటియి చలికాలం బతికి ఎండకాలం సస్తయా? ఎవలికి చెప్తున్నవ్ గీ కథలు? దొంగ లెక్కలు రాసినవ్," అన్నాడు పెద్దాయన అందరి ముందు. రుజువు చూపకపోతే సీటు పోతుందన్నాడు. ఆయన పట్టిన కుందేటికి ఎప్పుడూ మూడే కాళ్లు.

ఆ సాయంత్రం గొట్టం మీద రాసుకున్నది చదువుదామని కిటికీ దగ్గరికి పోయాను. అక్షరం కనబడలేదు. ఏటా ఎండాకాలం ఆయన హుకుం మీద కిటికీలన్నిటికీ వట్టివేళ్ల తడకలు కట్టి, నీళ్లు చల్లేవాళ్లం. చల్లగా ఉండేది, చీకటిగా ఉండేది. అప్పుడు వెలిగింది నాకు. ఆ అతుకులు విప్పే ఎంజైము ఆ జీవుల్లోనే ఉంది, కానీ అది పనిచేయాలంటే మామూలు వెలుతురు తగలాలి.

మర్నాడు మధ్యాహ్నం ఆయన ఎదుటే తడకల తాళ్లు విప్పాను.

"పిచ్చి లేసిందా?"

"జర కూసోండ్రి సార్."

అతినీలలోహిత కాంతి దెబ్బ తిన్న జీవులున్న రెండు గొట్టాలు ఒకే గిన్నెలో పెట్టాను. ఒకదానికి నల్లగుడ్డ చుట్టాను. ఆయన చెమటలు తుడుచుకుంటూ కూర్చున్నాడు. నాకు సంతోషమేసింది, అబద్ధమెందుకు?

పళ్లేలు ఓవెన్లోంచి తీసిననాడు నల్లగుడ్డది ఖాళీగా ఉంది. రెండోదాని నిండా మచ్చలు. ఆయన రెండూ చాలాసేపు చూశాడు. శభాష్ అనక్కర్లేదు, దొంగ అన్న మాట వెనక్కి తీసుకుంటే చాలనుకున్నాను.

"మంచిగనే ఉంది. తడకలు కట్టు, ఉడుకపోస్తుంది," అన్నాడు.

ఆనాడు విప్పిన తాళ్లు ఇంకా నా దగ్గరే ఉన్నాయి. "ముందుగల ఆ మాట వాపస్ తీసుకోండ్రి సార్," అన్నాను.

ఆయన తీసుకోలేదు. నేను తాళ్లు ఇవ్వలేదు.