ఆయన తినని మందు

ఈ మాట నాలో ఎన్నాళ్ళుగా ఉందో లెక్కపెట్టడం మానేశాను. మా ఆయన బతికున్నన్నాళ్ళూ ఉంది. ఆయన పోతే తేలికవుతుందనుకున్నాను. కాలేదు, ఇంకా బరువెక్కింది. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను. విని నన్ను ఓదార్చకండి. ఓదార్పు నాకు కావలసినదానికన్నా ఎక్కువే దొరికింది ఈ జన్మలో. అందులో నాకు చెందినది ఏమీ లేదు.

మా చుట్టాల్లో నాకో పేరుంది. మొగుడు కొండల్లో ఎవరి మాయలోనో పడితే ఓర్చుకుని, బాగుచేయించుకుని, ఒక్కనాడూ దెప్పకుండా కాపురం చేసిన ఇల్లాలినని. కొత్తగా పెళ్ళయిన ఆడపిల్లల చేత నా కాళ్ళకి దణ్ణం పెట్టించేవారు. నేను పెట్టించుకునేదాన్ని. అక్షింతలు కూడా వేసేదాన్ని.

తెల్లవాళ్ళు వెళ్ళిపోయిన రెండు మూడేళ్ళకి జరిగిన సంగతి ఇది. మాది విజయనగరం దగ్గర పల్లె. మా ఆయనకి ఏజెన్సీలో, అరకు దాటి ఇంకా లోపలికి పోతే వచ్చే ఒక ఊళ్ళో, కొత్తగా తెరిచిన బడిలో మేష్టరుద్యోగం. ఏజెన్సీకి వేశారంటే శిక్ష వేశారనే అనుకునేవారు అప్పట్లో. ఈయన మాత్రం అడిగి వేయించుకున్నంత సంబరంగా వెళ్ళారు. మా పెళ్ళయి అప్పటికి ఏడాది కూడా కాలేదు. నేను అత్తగారింట్లో ఉండిపోయాను.

ఉత్తరాలు వచ్చేవి. వాటిలో ఆ ఊరు వెలిగిపోయేది. వలిసెలు పూస్తే కొండ కింద చేలన్నీ పసుపు ఆరబోసినట్టుంటాయట. పొద్దున్నే మబ్బు తలుపు తోసుకుని ఇంట్లోకే వస్తుందట. ఈయన పిల్లలకి అక్షరాలు నేర్పితే వాళ్ళు ఈయనకి తమ భాషలో పిట్టల పేర్లు నేర్పుతున్నారట. అవి చదువుకుని నేనొక ఊరు కట్టుకున్నాను. అందులో సున్నం కొట్టిన బంగళా ఉంది, వసారాలో పేము కుర్చీలున్నాయి, మేష్టారి భార్యనని నన్ను పలకరించడానికి వచ్చే ఆఫీసర్ల భార్యలున్నారు. ఇవేవీ ఆయన రాయలేదు. నేనే చేర్చుకున్నాను. తరవాత, అవి అక్కడ లేవని ఆయన మీద కోపం తెచ్చుకున్నాను.

శ్రావణంలో బయలుదేరాను. మా మరిది శృంగవరపుకోటలో బస్సెక్కించాడు. మా ఆయన ఉండే ఊళ్ళో కొట్టు పెట్టుకున్న షావుకారు, మా వైపు మనిషే, అదే బస్సులో వెళుతుంటే నన్ను అతనికి అప్పగించాడు. ఒళ్ళో మాగాయి జాడీ, పెట్టెలో పెళ్ళినాటి పట్టుచీర. ఘాట్ రోడ్డు మలుపుల్లో నా కడుపులో ఉన్నదంతా కిటికీలోంచి పోయింది. అయినా పైకి ఎక్కేకొద్దీ ఆ పసుపు చేల కోసం చూస్తూనే ఉన్నాను. వాన తప్ప ఏమీ కనపడలేదు.

ఊరంటే ఒక్క వీధి. రేకుల కింద నాలుగైదు కొట్లు, ఒక పోలీసు ఠాణా, తాళం వేసిన ఒక డాక్ బంగళా. మిగతాదంతా బురద. తడిసిన గోనెసంచుల వాసన, చింతపండు వాసన, కిరసనాయిలు వాసన. సంతరోజు తప్ప వీధిలో మనిషి అలికిడి లేదు. ఇంట్లోకి అడుగుపెడితే గడ్డి కప్పులోంచి నీళ్ళు కారుతున్నాయి. కాళ్ళు కడుక్కుందామని చీర ఎత్తితే పిక్కకి జలగ. మా ఆయన నులకమంచం మీద దుప్పటి కప్పుకుని వణుకుతున్నారు. మన్యం జ్వరం. నన్ను చూసి లేవబోయి మళ్ళీ కూలబడ్డారు. నవ్వారు. ఆ నవ్వు చూసి నాకు జాలి వేయాలి కదా. నాకు ఏడుపొచ్చింది, అదీ నా కోసం.

మంచం పక్కన ఒక ముసలమ్మ కూర్చుని ఉంది. ఎండిపోయిన మనిషి. ముక్కుకి మూడు పోగులు, నోట్లో నాలుగు పళ్ళు. మా అమ్మమ్మ ఈడు ఉంటుంది. ఆమె మనవరాలు బడికి వస్తుందట. మేష్టారికి జ్వరం తగిలిందని విని, ఎవరూ పిలవకుండానే వచ్చి గంజీ అంబలీ కాచి పోస్తోంది. నాకూ ఒక ఆకు డొప్పలో చోడంబలి, అదే రాగి అంబలి, తెచ్చి ఇచ్చింది.

"తాగు తల్లీ, సలికి వొణికిపోతన్నావు. బాబు దీంతోనే నిలబడ్డాడు," అంది.

నేను ఆ డొప్ప తీసుకుని, ఆమె చూస్తుండగానే, గుమ్మంలోంచి వానలోకి ఒంపేశాను. ఆమె డొప్ప తీసుకుని వెళ్ళిపోయింది, మర్నాడు మళ్ళీ తెచ్చింది.

అక్కడ ఉన్నన్ని రోజులూ నేనేం చేశాను? ఆయన నుదుటి మీద తడిగుడ్డ వేసింది ముసలమ్మ. క్వినైను మింగించింది ముసలమ్మ. నేను పట్టుచీరకి బూజు పడుతోందని మూల కూర్చుని ఏడ్చాను. జ్వరం రోజు విడిచి రోజు వచ్చేది. రాని రోజున ఆయన కర్ర పట్టుకుని నన్ను బయటికి తీసుకెళ్ళి, అదిగో, ఆ వెనకే వలిసె చేలు, అని చూపించారు. నాకు తెల్లటి మబ్బు తప్ప ఏమీ కనపడలేదు. నువ్వు కార్తీకంలో రావలసింది, అని నొచ్చుకున్నారు, పూలు పూయకపోవడం తన తప్పయినట్టు. నేను వెళ్ళిపోతానన్నాను. ఉండమని ఆయన అడగలేదు. మర్నాడు బస్సు ఉంది. మర్నాడే జ్వరం కూడా ఉంది. పళ్ళు టకటకలాడుతూ ఆయన మంచం మీద ఉండగానే నేను వెళ్ళి బస్సెక్కాను.

ఇదే అసలు తప్పు. మిగతావన్నీ దీన్ని కప్పిపెట్టడానికి చేసినవి. జ్వరంతో ఉన్న మొగుణ్ణి వదిలేసి వచ్చిన దానివని అందరూ మొహాన ఉమ్ముతారన్న భయం బస్సు కొండ దిగుతుంటే పట్టుకుంది. ఎందుకొచ్చేశావంటే ఏం చెప్పాలి? ఊరు బాగాలేదని చెప్పనా?

మా అత్తగారు వీధి గుమ్మంలోనే పట్టుకున్నారు. "ఏటే, అప్పుడే వచ్చేసేవేటి? ఆడు బాగున్నాడా?"

"బాగా చిక్కిపోయారు," అన్నాను.

"మరాడికి వంటెవులు సేత్తన్నారు?"

"ఒక కొండ మనిషి ఉంది. ఆడమనిషి." అంతవరకే అన్నాను. అని, ఏడ్చాను.

"ఓలమ్మో! నా కొడుక్కి మందెట్టేసిందిరో!" అని ఆవిడ గుండెలు బాదుకున్నారు.

ఈ కాలం వాళ్ళకి తెలియకపోవచ్చు, చెబుతాను. కొండ ఆడవాళ్ళు అన్నంలో ఏదో కలిపి పెడతారని, అది తిన్నవాడు ఇల్లూ పెళ్ళాన్నీ మరిచిపోయి అక్కడే పడి ఉంటాడని మా వైపు గట్టి నమ్మకం. ఏజెన్సీ వెళ్ళి తిరిగిరాని ప్రతి మొగుడికీ అదొక్కటే కారణం. ఆ మనిషి వయసెంత అని ఒక్కరు అడిగి ఉంటే నా పని అయిపోయేది. ఒక్కరూ అడగలేదు. నేను చెప్పలేదు. నేను ఆడినదాంట్లో అబద్ధమేముంది, ఉన్నదే చెప్పాను కదా అని ఎన్నో ఏళ్ళు నాకు నేను సర్దిచెప్పుకున్నాను. కానీ ఏ మాట దగ్గర ఆపితే వాళ్ళు ఏమనుకుంటారో నాకు తెలుసు. తెలిసే అక్కడ ఆపాను.

తల్లికి ప్రమాదంగా ఉందని ఆయనకి దొంగ తంతి కొట్టారు. ఆయన ఆదరాబాదరా వచ్చి పడ్డారు. ఒళ్ళంతా పసుపుపచ్చ, కళ్ళు లోపలికి. క్వినైను మింగి మింగి చెవులు హోరు పెడుతున్నాయి, పిలిస్తే వినపడదు. పలకడం లేదు చూశారా, మందు పనిచేస్తోంది, అన్నారు. జ్వరం నోటికి అన్నం చేదు. మన అన్నం సయించడం లేదు చూశారా, అన్నారు. బడి తెరవాలి, బేగి వెళ్ళిపోవాలి అని ఆయన తొందరపడ్డారు. ఇంకేం కావాలి?

మందు కక్కించేవాణ్ణి పక్క ఊరి నుంచి పిలిపించారు. మా ఆయన వద్దని అరిచారు, తోసేశారు. మరుదులు రెక్కలు పట్టుకున్నారు. పరగడుపున ఏదో ఆకు పసరు మజ్జిగలో కలిపి పట్టించారు. జ్వరపు మనిషి కడుపులో ఏముంటుంది? పేగులు నోట్లోకి వచ్చేలా కక్కారు. ఇత్తడి పళ్ళెం పట్టుకున్నది నేను. పెళ్ళాం పట్టుకుంటే మంచిదన్నారు.

పళ్ళెంలో పసరు నీళ్ళే ఉన్నాయి. మందు కక్కించేవాడు వంగి వేళ్ళతో కెలికాడు. వేళ్ళ సందులోంచి, వెంట్రుకలు చుట్టిన నల్లటి ముద్ద ఒకటి నీళ్ళలోకి జారింది. వాడి చేతిలోంచే జారింది. అంత దగ్గరగా ఉన్నది నేనొక్కదాన్నే, నేను చూశానని వాడికీ తెలిసింది. తలెత్తి నా కళ్ళలోకి చూస్తూ, చూశావా తల్లీ, అన్నాడు. చూశాను, అన్నాను. ఇంట్లో అందరూ దేవుడికి దణ్ణం పెట్టుకున్నారు.

ఆ మధ్యాహ్నం నేను నూతి దగ్గర ఆ పళ్ళెం తోముతున్నాను. ఆయన గోడ పట్టుకుని వచ్చి గట్టు మీద కూర్చున్నారు.

"నువ్వు ఆమెని చూశావు కదా," అన్నారు.

"చూశాను."

"అమ్మకి చెప్పు. ఆమె ఎలాంటి మనిషో ఒక్కసారి చెప్పు. నేను చెబితే వినడం లేదు."

నేను పళ్ళెం తోముతూనే ఉన్నాను. చెబితే ఏమవుతుంది? అయితే ముసలిదానికి వదిలేసి ఎందుకొచ్చావే అంటారు. మళ్ళీ ఆయనతో ఆ బస్సెక్కమంటారు. ఆ బురద, ఆ మబ్బు, ఆ జలగలు.

"ముద్ద నా కళ్ళతో చూశాను," అన్నాను. "మీ కడుపులోంచే వచ్చింది."

 "నిజంగానా?" అని అడిగారు. ఆ గొంతులో కోపం లేదు, ఎత్తిపొడుపు లేదు. తెలుసుకోవాలని అడిగారు.

"నిజంగా," అన్నాను.

ఆ తరవాత ఆయన ఆ ఊరు వెళతానని అనలేదు. మామగారు పట్నంలో ఒక గోనెసంచుల మిల్లులో గుమాస్తా పని చూశారు. కొన్నాళ్ళకి ఆ షావుకారు సరుకుల కోసం కొండ దిగి, దారిలో మా ఇంటికి వచ్చాడు. మా ఆయన ఇంట్లో లేరు. ముసలమ్మ రోజూ వచ్చి బడి వాకిలి ఊడ్చిపోతోందని, మేష్టారు ఎప్పుడొస్తాడని దారినపోయే ప్రతివాణ్ణీ అడుగుతోందని చెప్పాడు. లోపల మా అత్తగారు ఉన్నారు. ముసలమ్మ అన్న మాట ఆవిడ చెవిన పడితే? మంచినీళ్ళయినా ఇవ్వకుండా అతన్ని పంపేశాను. ఆయనకి చెప్పలేదు.

నన్ను ఆయన ద్వేషించి ఉంటే నాకు బాగుండేది. ద్వేషించలేదు, నమ్మారు. మొదట్లో, ఏమో, మనకి తెలియకుండా పెట్టిందేమో, అనేవారు. తరవాత, పెట్టే ఉంటుంది, లేకపోతే ఆ బురద ఊరు నాకంత బాగుండటమేమిటి, అన్నారు. ఆఖరికి అదొక కథ అయిపోయింది. భోజనాల దగ్గర, పెళ్ళిళ్ళలో, నాకు ఏజెన్సీలో మందు పెట్టారులెండి, అని నవ్వుతూ చెప్పేవారు. నేను వడ్డిస్తూ వినేదాన్ని. ఆ మబ్బునీ పిట్టల పేర్లనీ ఆయన ఎంతో ఇష్టపడ్డారు. ఆ ఇష్టమంతా ఎవరో కలిపి పెట్టిన విషమని ఆయన చేతనే ఒప్పించాను. ఒక కార్తీకంలో వాకిట్లో కూర్చుని, వలిసెలు పూసి ఉంటాయి ఈపాటికి, అన్నారు. అని ఉలిక్కిపడి, చూశావా, ఇంకా ఎక్కడో కొంచెం మిగిలిపోయింది, అన్నారు, కడుపు తడుముకుంటూ.

పోయేముందు నా చెయ్యి పట్టుకున్నారు. ఆనాడు నువ్వు వచ్చి చెప్పకపోతే నేను అక్కడే ఉండిపోయేవాణ్ణి, నువ్వు కాపాడావు, అన్నారు. అప్పుడైనా చెప్పవచ్చు. గదిలో ఇంకెవరూ లేరు. నోటిదాకా వచ్చింది. పోయేవాడికి ఎందుకీ బాధ అనుకున్నాను. అలా అనుకున్నానని మీకు చెబుతున్నాను గానీ, అదీ నిజం కాదు. ఆయన కళ్ళలో ఉన్న ఆ మంచి పెళ్ళాన్ని పోగొట్టుకోవడం నాకే ఇష్టం లేకపోయింది.

ఆ ముసలమ్మ పేరు నాకు తెలియదు. అడగలేదు. ఆమె గంజి కాచి పోసింది, అంతే. ఆయనకి ఎవరూ ఏ మందూ పెట్టలేదు. ఆయనకి ఆ ఊరు నచ్చింది. ఈ ముక్క ఆయనకి చెప్పవలసింది. మీకు చెప్పాను.