స్ప్రింగు పట్టిన చెయ్యి

మా ఆయన మస్కట్‌లో ఉంటాడు. కోరుట్లలో మస్కట్ అన్నా, బహ్రెయిన్ అన్నా, ఏదన్నా దుబాయే కాబట్టి మా ఆయన కూడా దుబాయిలో ఉన్నట్టే లెక్క. సెలవు మీద వచ్చేవాళ్లెవరైనా దొరికితే వాళ్ల చేత సామాను పంపుతుంటాడు. అట్లా ఒకసారి సారంగాపూర్ మనిషి ఒకతను కార్టన్ తెచ్చి ఇచ్చి పోయాడు. దుబాయి కార్టన్ విప్పుతున్నారంటే మా గల్లీకి అదొక చిన్న జాతర. పిలవకపోయినా వచ్చి కూర్చుంటారు. సబ్బులు, సెంటు సీసా, పాలపొడి డబ్బా, దుప్పటి, అన్నీ తీశాక అడుగున ఒక ఎర్రటి ప్లాస్టిక్ డబ్బా కనిపించింది. గుండ్రంగా ఉంది, పక్కన తిప్పడానికి పిడి ఉంది, మూతి దగ్గర ఇనుప చుట్ట కొన కొంచెం బయటికి వచ్చి ఉంది.

"మురుకుల గొట్టం పంపిండు నా కొడుకు," అంది మా అత్త సంబరంగా. "గిట్ల తిప్పితె గట్ల ఎల్తయ్."

ఎవరూ కాదనలేదు. దుబాయి వాళ్లు మురుకుల గొట్టం కూడా ఎంత గట్టిగా చేస్తారో అని ఎదురింటి అక్క దాన్ని ఒళ్లో పెట్టుకుని పిడి తిప్పి చూసింది. అత్త దాన్ని కడిగి, తుడిచి, వంటింటి అలమరలో నూనె డబ్బా పక్కన పెట్టింది. సాయంత్రం వీడియో కాల్‌లో ఈ సంగతి చెబితే మా ఆయన నవ్వలేక చచ్చాడు.

"అమ్మో, గది మోరి తీసేదే! పైపు జామయితె అండ్ల జొప్పి తిప్పాలె. ఈడ మేం దినాం గదే పట్టుకొని తిరుగుతం. స్ప్రింగు అంటరు దాన్ని."

అప్పుడు మా అత్త ముఖం చూడాలి. దాన్ని కొంగుతో పట్టుకుని అలమరలోంచి తీసి, పెరట్లో బాత్రూం గోడకు మేకు కొట్టి తగిలించి, అక్కడే తలస్నానం చేసి లోపలికి వచ్చింది. ఒక్క పైపు ముఖం కూడా చూడని కొత్త వస్తువు అది. పేరు తెలిసిందంతే, మైల వచ్చింది. నేను పడీ పడీ నవ్వాను. ఆ నవ్వు నాకు బాగానే తిరిగి వచ్చింది.

ఆయన దాన్ని ఊరికే పంపలేదు. మా గల్లీలో ఇళ్లన్నీ దుబాయి డబ్బుతో ఒకదాని తర్వాత ఒకటి లేచినవే. పైన రంగులు, ముందు గ్రిల్లు, మెట్ల మీద గ్రానైటు. లోపల వేసిన పైపులు మాత్రం సన్నవి, వాటం లేనివి. దానికి తోడు ఇంటింటా బీడీలు చేస్తారు. తడిపిన ఆకు కత్తిరించాక మిగిలిన ముక్కలు ఊడ్చి పారేయడానికి బద్ధకమైతే నీళ్లతో పైపులోకి తోసేస్తారు. వాటికి తలవెంట్రుకలు, షాంపూ కవర్లు తోడు. ఎవరి ఇంట్లోనో ఒకరి ఇంట్లో నీళ్లు వెనక్కి తన్నుతూనే ఉండేవి. అప్పుడు వెదురు బద్ద పట్టుకుని తిరిగే మనిషి కోసం కబురు పెట్టేవాళ్లు. ఆయన వస్తే వచ్చినట్టు, లేకపోతే లేదు. వచ్చినా ఆయన్ని ఎవరూ పేరు పెట్టి పిలిచేవారు కాదు. దాహం అంటే దోసిట్లో పైనుంచి పోసేవారు.

ఇక నా సంగతి. నాది సిరిసిల్ల. మా నాన్న సాంచాల మీద, అంటే మరమగ్గాల మీద, పనిచేసేవాడు. మా ఇంట్లో ఆడపిల్లకు ముందు తెగిన పోగు అతకడం వస్తుంది, ఆ తర్వాత సకినం చుట్టడం వస్తుంది. రెండింటికీ వేళ్ల కొసల్లో ఉండాల్సిన మెలిక ఒకటే అని మా అమ్మ అనేది. తడి బియ్యప్పిండిని నువ్వులు, వాముతో కలిపి, వేళ్ల మధ్య మెలిపెడుతూ గుడ్డ మీద చుట్లు చుట్లుగా జారవిడవాలి. చూడటానికి సులువే. చుట్టు తెగకుండా, లావు సన్నం కాకుండా రావాలంటే మాత్రం అందరి వల్లా కాదు. నా వల్ల అవుతుంది. ఇది గొప్ప కాదు, నిజం.

కోరుట్లకు కోడలిగా వచ్చినప్పుడు నేను ఎవరికీ ఏమీ కాను. "సిరిసిల్ల పిల్ల" అనేవారు, అంతే. పెళ్లయిన కొత్తలోనే ఆయన విమానం ఎక్కాడు. ఎవరి ఇంట్లోనో తొట్టెల పండుగకు సకినాలు చేస్తుంటే అత్త వెంట వెళ్లి గుడ్డ దగ్గర కూర్చున్నాను. నేను వేసిన చుట్లు చూసి పక్కనున్నవాళ్లు చేతులు ఆపేశారు. ఆ రోజు నుంచి గల్లీలో ఏ ఇంట్లో శుభకార్యమైనా ముందు నాకే పిలుపు. పెళ్లి కూతురి సారెలో పైన పెట్టే పెద్ద సకినం నేనే చుట్టాలి. ఆ గుడ్డ చుట్టూ కూర్చుంటే అత్తల మీద చాడీలు, మొగుళ్ల మీద జోకులు, ఒకరి తొడ ఒకరు గిల్లుకోవడం. మొగుడు ఫోన్‌లో మాత్రమే ఉండే ఆడదానికి అంతకంటే ఏం కావాలి? నాకు మాత్రం ఆ పిలుపే ప్రాణం.

స్ప్రింగు మొదట మా బాత్రూంలోనే వాడాను. ఆయన ఫోన్‌లో చూస్తూ చెప్పాడు. "జొప్పుకుంట పో. ఏడనో తాకుతది. తాకంగనే గట్టిగ నెట్టకు, తిప్పు. ఒక్క దిక్కే తిప్పాలె, ఎన్కకు తిప్పితె చుట్ట ఇప్పుకపోతది." తిప్పాను. లోపల ఏదో పట్టు దొరికినట్టు చేతికి తెలిసింది. లాగితే ఆకు ముక్కలు, వెంట్రుకలు ఉండలాగా వచ్చాయి, నీళ్లు గడగడమని పోయాయి. ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకున్నాను గాని, పని అయిందన్న సంతోషం కూడా కలిగింది.

ఈ సంగతి ఎదురింటి అక్కకు తెలిసింది. "చెల్లె, మాది గూడ జర జూడవా? నీకు పుణ్యముంటది." చూశాను. ఆ అక్క ఇంకో అక్కకు చెప్పింది. మా అత్త మాత్రం మొదటి రోజే మొత్తుకుంది.

"ఒద్దే పిల్లా. నీ ఇల్లు నువ్వు సాఫు జేసుకున్నవ్, మంచిదే. మందియి ముట్టకు. ఓడ ఎక్కెదాక ఓడమల్లన్న, దిగినంక బోడిమల్లన్న."

నేను వినలేదు. పైసలు తీసుకుంటే అది పనవుతుంది, తీసుకోకపోతే సాయమవుతుంది కదా అని నా తెలివి. చుట్టాల్లాగా కలిసి ఉంటున్న గల్లీలో ఒకరికొకరు సాయం చేసుకుంటే ఏం పోతుంది అనుకున్నాను. ఎవరు పిలిచినా మేకుకున్న స్ప్రింగు తీసుకుని వెళ్లేదాన్ని. "నీ చేతిల మహిమ ఉన్నది చెల్లె," అనేవారు. ఈ మాట అంతకు ముందు సకినాల దగ్గర విన్నదే. కాబట్టి ఇది కూడా అదే మెప్పు అనుకున్నాను.

మొదట మారింది గ్లాసు. ఎదురింటి అక్క ఎప్పుడూ స్టీలు గ్లాసులో చాయ్ ఇచ్చేది. ఒక రోజు పైపు తీసి చేతులు కడుక్కుని వస్తే, పెళ్లిళ్లలో తాగి పారేసే కాగితం గ్లాసులో పోసి గడప మీద పెట్టింది. తొందరలో ఉందేమో అనుకున్నాను. ఆ తర్వాత ఇంకో ఇంట్లోనూ కాగితం గ్లాసే. తర్వాత ఒక ఇంట్లో తొట్టెల పండుగ జరిగింది, సకినాలు చేశారు, నాకు పిలుపు రాలేదు. అడిగేశాను, నా నోరు ఊరుకోదు. "నీకు పనులెక్కువైతున్నయ్ గదా చెల్లె, గందుకే తక్లీఫ్ ఎందుకని," అంది ఆ ఇంటావిడ, నా ముఖంలోకి కాకుండా నా చేతుల వైపు చూస్తూ.

ఆ రాత్రి ఫోన్‌లో ఆయన మీద విరుచుకుపడ్డాను. పాపం, ఆయనేం చేశాడు? "నేనీడ దినాం చేసేది గదే గదనే," అన్నాడు. "నాకెవ్వలు ఏమంటలేరు."

"నువ్వాడ చేస్తె దుబాయి, నేనీడ చేస్తె మోరి," అన్నాను. "నువ్వొస్తె పెండ్లి బంతిల ముందు నిన్ను కూసోవెడ్తరు. ఆడ నీ చేతిల ఏమున్నదో ఈళ్లకేమెర్క?"

ఆయన గొంతు తగ్గించి, "మన ఇంట్లోళ్లకు, నాతోని ఉన్నోళ్లకు తప్ప ఎవ్వలకు ఎర్కలేదు. నువ్వు గూడ చెప్పకు," అన్నాడు. అంటే ఆయనకూ తెలుసు. తెలిసే ఇన్నేళ్లూ "బిల్డింగ్‌ల మెయింటెనెన్స్" అని చెప్పుకుంటున్నాడు. అప్పటిదాకా నాకు నా మీదే జాలి వేసింది, ఆ రాత్రి ఆయన మీద కూడా వేసింది. ఇద్దరం కలిసి అయినా ఏం చేస్తాం?

ఎదురింటి అక్క తన బిడ్డను జగిత్యాలకు ఇచ్చింది. సారె పంపడానికి సకినాలు పెట్టుకుంది. పొద్దున్నుంచీ ఆడవాళ్లు వస్తున్నారు, నా గడప ముందు నుంచే పోతున్నారు. నేను తలుపు దగ్గరే కూర్చుని బీడీలు చుడుతున్నాను. వాళ్ల నవ్వులు వినబడుతున్నాయి. ఆ అమ్మాయి పెళ్లికి పెద్ద సకినం చుట్టింది నేనే. ఆకు కత్తిరించబోయి వేలు కోసుకున్నంత పని చేశాను.

మధ్యాహ్నం కాకముందే అక్క పరుగెత్తుకుంటూ వచ్చింది. పిండి గిన్నెలు కడిగిన నీళ్లన్నీ సింకులో పోసిందట. పిండి లోపల గడ్డకట్టింది, వంటింట్లోంచి నీళ్లు పిండి గుడ్డ పరిచిన అర్రలోకి వస్తున్నాయి.

"చెల్లె, జర స్ప్రింగు పట్టుకొని రా. ఎన్క దిక్కుకెల్లి రా."

వెనక వైపు నుంచి. ఆ మాటకు తలుపు ముఖం మీద వేయాల్సింది. మా అత్త కూడా కళ్లతో అదే చెప్పింది. కానీ నాకు ఇంకో ఆలోచన తోచింది. పోతాను, పైపు తీస్తాను, ఇంటికొచ్చి స్నానం చేస్తాను, చీర మార్చుకుంటాను, ముందు తలుపు నుంచి వెళ్లి ఆ గుడ్డ దగ్గర కూర్చుంటాను. ఎట్లా లేపుతారో చూద్దాం అనుకున్నాను.

అట్లాగే చేశాను. పైపులోంచి తెల్లటి పిండి ముద్ద, నువ్వులతో సహా వచ్చింది. నీళ్లు పోయాయి. ఇంటికి వచ్చి మోచేతుల దాకా సబ్బు రుద్దుకుని, తలస్నానం చేసి, ఉతికిన చీర కట్టుకుని, తడి జుట్టుతోనే వెళ్లి వాళ్ల మధ్య కూర్చున్నాను. ఒకామె కొంచెం జరిగింది, ఇంకొకామె ఆమె కంటే ఎక్కువ జరిగింది. ఎదురింటి అక్క ఒక్క క్షణం నిలబడి చూసి, గబగబా లోపలికి పోయి కొత్త తెల్లగుడ్డ తెచ్చింది.

"గీడ జాగ సాల్తలేదు చెల్లె. నీకు సపరేటు పరుస్త," అంటూ కిటికీ పక్కన పరిచింది. పిండి కూడా వేరే గిన్నెలో తెచ్చి పెట్టింది.

నేను ఎంత పిచ్చిదాన్నంటే, అది మర్యాద అనుకున్నాను. పెద్ద సకినం చుట్టాలంటే చోటు కావాలి కదా, అందుకే నాకు వేరే గుడ్డ అనుకున్నాను. కళ్లు నిండాయి. ఎన్ని నెలలైందో ఆ పిండి తడి వేళ్లకు తగిలి. సాయంత్రం దాకా తల ఎత్తలేదు. గుడ్డ నిండేదాకా చుట్టాను, నడుమ పెద్ద సకినం చుట్టాను. ఒక్క చుట్టు కూడా తెగలేదు. నిజం చెబుతున్నాను, ఆ మధ్యకాలంలో అంత సంతోషంగా నేను ఎప్పుడూ లేను. నూనె పొయ్యి వెలిగించే వేళకు నన్ను "ఇగ నువ్వు పో చెల్లె, అలిసినవ్," అని పంపించారు.

మర్నాడు పొద్దున్నే సారె కారు జగిత్యాలకు పోయింది. దాని వెనకే అక్క నవ్వుకుంటూ మా ఇంటికి వచ్చింది, ఈసారి ముందు తలుపు నుంచే. చేతిలో పెద్ద ప్లాస్టిక్ సంచి. "నిన్న మస్తు కష్టపడ్డవ్ చెల్లె. గందుకే ఎవ్వలకు వెట్టనన్ని నీకు వెట్టిన," అని సంచి నా చేతిలో పెట్టి వెళ్లిపోయింది. బరువుగా ఉంది. నేను మురిసిపోయి అత్తను పిలిచి నేల మీద కూర్చుని సంచి విప్పాను.

మా అమ్మ నేర్పిన పద్ధతిలో నేను ఎడమకు చుడతాను, కొసను లోపలి చుట్టు కింద దాచేస్తాను. కోరుట్లలో అందరూ కుడికి చుట్టి కొసను పైకి అంటించి వదిలేస్తారు. పైన ఉన్నది తీశాను. ఎడమ చుట్టు. దాని కింద దాన్ని తీశాను. అదీ ఎడమే. సంచిలో చెయ్యి పెట్టి అడుగు నుంచి తీశాను. అడుగున పెద్ద సకినం ఉంది. సంచిలో పట్టదని రెండు ముక్కలు చేశారు.

మా అత్తకు చూపు ఆనదు. ఒకటి తీసుకుని నోట్లో పెట్టుకుని, మెల్లగా నమిలి, నా వైపు చూసింది.

"గివి నీ చేతియే గదనే?"

"అవునత్తా."

"అన్ని నీయేనా?"

"అన్ని నాయే," అన్నాను. "ఒక్కటి గూడ జగిత్యాల పోలె."