నా కెమెరాను నమ్మని బజారు

సెలవు దొరికిన పొద్దుల్లో కెమెరా భుజాన తగిలించుకుని, స్టీలు ప్లాంటున్న మా హిందీవాళ్ల ఊళ్లో సుపేలా బజారుకు వెళ్తాను. ఆటోల సందుల్లోంచి దూరే సైకిళ్లు, షట్టర్లు ఎత్తుతున్న దుకాణదారులు, చాయ్ గ్లాసుల మీద ఆవిరి, ఇవే నా ఫొటోలు. మొదట్లో ఎవరూ పట్టించుకునేవారు కాదు. కిందటి చలికాలంలో మున్సిపాలిటీవాళ్లు రోడ్డు పక్క బండ్లన్నీ తీయించేస్తారని పుకారు పుట్టాక నన్ను చూసే చూపులు మారిపోయాయి. కెమెరా ఎత్తితే చాలు, జామకాయలమ్మే ఆవిడ మొహం మీదికి కొంగు లాక్కునేది. చెప్పులు కుట్టే ముసలాయన పని ఆపి, నేను మలుపు తిరిగేదాకా చూస్తూనే ఉండేవాడు.

ఒకరోజు అరటిపళ్ల బండి ఆయన నాకు అడ్డంగా నిలబడ్డాడు.

"దీదీ, సచ్ బోలో. కిస్‌నే భేజా?"

నన్నెవరూ పంపలేదని, సరదాకే తీసుకుంటున్నానని చెప్పాను. అప్పటికే గుంపు చేరింది. ఒక్కరూ నమ్మలేదు. ఆ మాట నా చెవికే అబద్ధంలా వినిపించింది.

పక్కన ఇడ్లీ బండి నడిపే శ్రీకాకుళం ఆవిడ చేతులు తుడుచుకుంటూ వచ్చింది. ఆమె దగ్గర చాలాసార్లు తిన్నాను. అయినా ఆమె మొహంలో నవ్వు లేదు.

"మనోలే అనుకున్నాను గానమ్మా, మనోలని నమ్మే రోజులు కావివి. ఏటున్నాయో సూపించు."

ఒక్కో ఫొటో తిప్పాను. కూలీల అడ్డా ఫొటో రాగానే ఆమె నా చెయ్యి పట్టుకుంది. రోజుకూలీ కోసం నిలబడ్డవాళ్లలో ఒకాయన పసుపు హెల్మెట్ చంకలో పెట్టుకుని ఉన్నాడు.

"ఇదెప్పుడు తీసినావు?"

"మొన్న పొద్దున్న."

"ఈయన మా ఇంటాయన. మొన్న ప్లాంటుకి డూటీకెల్లినాడు. కేరేజీ నానే కట్టినాను."

గుంపు వైపు తిరిగి, "కుఛ్ నహీ, జావ్" అని అందరినీ పంపేసింది. ఆ తర్వాత గొంతు తగ్గించి అడిగింది. "నీకు ముందే తెలుసేటి? నాకు సూపించమని ఎవులన్నా సెప్పినారా?"

ఆయన ఆమె భర్త అని కూడా నాకు తెలియదన్నాను. కావాలంటే ఆ ఫొటో డిలీట్ చేసేస్తానన్నాను.

"ఎందుకంత తొందర?" అంది.

చాలా రోజులు అటువైపు వెళ్లలేదు. మళ్లీ వెళ్లేసరికి బండి దగ్గర ఆయన ప్లేట్లు కడుగుతున్నాడు. కాంట్రాక్టు పని పోయిందట. ఇంట్లో చెప్పలేక రోజూ హెల్మెట్ పట్టుకుని అడ్డాకు వెళ్లేవాడట. ఇడ్లీలు తీస్తూ ఆవిడే పొడిపొడిగా చెప్పింది. ఆపైన ఆయనతో, "ఫొటో తీసింది ఈవిడే" అంది.

ఆయన ముందు నన్ను, తర్వాత నా సంచిని చూశాడు.

"కెమెరా తెచ్చినారేటండీ?"

"లేదండీ."

ప్లేట్లు వదిలి నాకు చట్నీ వేయబోతున్న ఆయన చేతిలో గరిటె అలాగే ఆగిపోయింది. సంచి మూతి తెరిచి చూపించాను. లోపలి ఉల్లిపాయలు చూశాక గానీ ఆయన చట్నీ వేయలేదు.