మోగించి చూసిన రొట్టె

మా తోడికోడలు పోయిందన్న కబురు ఈపూరు నుంచి పొద్దుటి బస్సులో వచ్చిన మనిషి చెప్పాడు. అప్పుడు నేను బియ్యం కడుగుతున్నాను. నిద్రలోనే గుండె ఆగిందట. అతను గుమ్మంలో నిలబడి ఇంకా ఏదో చెబుతూనే ఉన్నాడు గానీ, ఆ తర్వాతి మాటలేవీ నాకు గుర్తులేవు. కడిగిన బియ్యం పక్కింటావిడకు అప్పజెప్పి బయలుదేరాను. పెద్దకర్మ దాకా అక్కడే ఉండి, వచ్చేపోయేవాళ్ళకు వండి వార్చి, నిన్ననే నరసరావుపేట తిరిగొచ్చాను. చేతులు ఇంకా లాగుతున్నాయి. అయినా ఈ నాలుగు మాటలూ రాయకపోతే పని పూర్తయినట్టు అనిపించటం లేదు. కర్మకు వచ్చినవాళ్ళు ఆమె మంచితనం గురించీ, ఓపిక గురించీ చాలా చెప్పుకున్నారు. రొట్టె సంగతి మాత్రం ఎవరూ ఎత్తలేదు.

ఆమె మా బావగారి భార్య. నేను కాపురానికి వచ్చిన నాటి నుంచీ అక్కా అనే పిలిచాను. వేరు పడకముందు మేమంతా ఇక్కడే ఒక ఇంట్లో, ఒక వంటింట్లో ఉండేవాళ్ళం. మామయ్యగారిది నాపరాళ్ళ వ్యాపారం. మాచర్ల వైపు నుంచి లారీలో బండలు దిగేవి. ఇంటివాళ్ళం, పిల్లలం కాక డ్రైవరూ, రాళ్ళు దించే కూలీలూ కూడా మా ఇంట్లోనే తినేవాళ్ళు. ఒక కట్టెల పొయ్యి, ఒక కిరసనాయిలు స్టవ్వు, ఒక బొగ్గుల కుంపటి. వీటిలో ఏదీ ఖాళీగా ఉండగా నేను చూడలేదు. ఇంటి ఖర్చులు రాసేది నేను. వంటిల్లు నడిపేది అక్క.

అలాంటి ఇంట్లో మామయ్యగారికి పక్షవాతం వచ్చి కుడివైపు పడిపోయింది. మాట ముద్దగా వచ్చేది. అన్నం మింగుడు పడేది కాదు. జావ తాగిస్తే పొలమారేది. పాలల్లో నానబెట్టిన బ్రెడ్డయితే మెత్తగా గొంతు దిగుతుందని డాక్టరు చెప్పాడు. బజారు నుంచి మైనపు కాగితం చుట్టిన బ్రెడ్డు తెప్పించాం. ఆ కాగితం చూడగానే ఆయన మొహం గోడవైపు తిప్పుకున్నారు.

మన ఊళ్ళలో బ్రెడ్డు అంటే ఏమిటో మీకు తెలియంది కాదు. ఒంట్లో బాగున్నవాళ్ళెవరూ కొనరు. ఆసుపత్రి గేటు ముందు బండి మీద బత్తాయిలతో పాటు అమ్ముతారు. ఆ పొట్లం చేత్తో పట్టుకుని వీధిలో నడిస్తే, "ఎవరికి బాగాలేదమ్మా?" అని ఎదురొచ్చిన ప్రతివాళ్ళూ అడుగుతారు.

"నన్ను రోగి కింద తేల్చేశారా?" అన్నారు మామయ్యగారు. ఆ ముక్క మాత్రం స్పష్టంగా వచ్చింది. ఆ పైన నోరు తెరవలేదు. చెంచాతో పోసిన పాలు చెంప మీదుగా దిండులోకి కారిపోయేవి. కొడుకులిద్దరూ బతిమాలారు. అత్తయ్య ఏడ్చింది. మనిషి మా కళ్ళముందే ఎండిపోవటం మొదలుపెట్టారు.

"బజారుది ముట్టడు. ఇంట్లో కాలుద్దాం," అంది అక్క.

"నీకు రొట్టె కాల్చటం వచ్చా అక్కా?"

"రాదు. దోసెలేమన్నా పుట్టుకతోనే వచ్చినయ్యా ఏంది?"

వెనక వీధిలో బేకరీ నడిపే సాయిబుగారి ఇంటావిడ దగ్గరకు వెళ్ళి, ఎలా చెయ్యాలో చూసి, పులిసిన పిండిముద్ద ఒకటి అడిగి తెచ్చుకుంది. పెరుగుకు తోడు ఉంచుకున్నట్టే రోజూ ఒక ముద్ద మర్నాటికి దాచేది. పాత గుండిగలో ఇసుక పోసి కుంపటి మీద పెట్టేది. ఇసుక కాగాక పిండి ఉన్న గిన్నె అందులో దింపి, మూత వేసి, మూత మీద కూడా నిప్పులు పోసేది.

అత్తయ్యకు ఇది నచ్చలేదు. "ఏమే పెద్దదానా, నిండింట్లో ఆసుపత్రి తిండి వండుతావంటే? ఇంకెవరిని మంచాన పడేద్దామని?"

"అందుకే అందరం తిందాం అత్తయ్యా. ఇంటిల్లిపాదీ తింటే అది రోగి తిండి ఎట్టా అయిద్ది?"

మొదటి రొట్టె పొంగలేదు. పైన నల్లగా, లోపల చెక్కలాగా దిగింది. మామయ్యగారి మంచం ఉన్న వసారాలోనే అక్క అందరినీ కూర్చోబెట్టింది. కోయబోతే కత్తి దిగలేదు. అప్పుడు లారీ డ్రైవరు రొట్టెను చేతిలోకి తీసుకుని వేలి కణుపులతో కొట్టి, చెవి దగ్గర పెట్టుకున్నాడు. నాపరాయిని అలాగే చూస్తారు. ఖంగుమంటే మంచి రాయి. మొద్దుగా పలికితే లోపల నెర్రె ఉన్నట్టు.

"ఖంగుమంటంది వదినా. యాడా నెర్రె లేదు. లోడులో ఏసుకుపోనా?"

"ఏసుకుపో. రాత్రికి తలకింద పెట్టుకుని పడుకో."

అందరూ నవ్వారు. ఆ నవ్వుల్లో మామయ్యగారి ఎడమ చెయ్యి మంచం మీద నుంచి లేచింది. ఇటు తెమ్మని సైగ. డ్రైవరు భయపడుతూ రొట్టె ఆయన దగ్గర పెట్టాడు. ఆయన కణుపులతో ఒకసారి కొట్టి, "రాయే," అన్నారు. నోటికి ఒక పక్కనే నవ్వు వచ్చింది. అక్క మాత్రం నవ్వలేదు. ఆయన చేతివైపే చూస్తూ నిలబడింది.

మర్నాడు రొట్టె కొంచెం పొంగింది. అక్క దాన్ని ఎవరికీ పెట్టకుండా నేరుగా ఆయన మంచం దగ్గరకు తీసుకెళ్ళింది. 

"మామయ్యా, నిన్నటిది రాయన్నారు. ఇదేందో చూసి చెప్పండి."

ఆయన కొట్టి విన్నారు. "పచ్చి."

"పచ్చా? తుంచకుండా ఎట్టా తెలిసిద్ది? నేనొప్పుకోను."

మామయ్యగారికి కోపం వచ్చింది. రాయి విషయంలో ఆయన మాటకు ఎదురు చెప్పినవాళ్ళు లేరు. ఎడమచేత్తో రొట్టె తుంచి, లోపలి జిగురు ఆమెకు చూపించారు. అక్క వెనక్కి తగ్గలేదు. "జిగురుంటే ఏంది? పాలల్లో ముంచి నోట్లో పెట్టుకుంటే గదా తెలిసేది." పాలగిన్నె అప్పటికే ఆమె చేతిలో ఉంది. ఆమె మాట తప్పని నిరూపించటానికి ఆయన నోట్లో పెట్టుకున్నారు. నమిలారు. మింగారు. "పచ్చే," అన్నారు.

"సరేలెండి, మీదే గెలుపు," అని అక్క వంటింట్లోకి వచ్చి, గోడవైపు తిరిగి కొంగుతో మొహం తుడుచుకుంది. తర్వాత నాతో అంది, "రోగివని పెడితే తినడే చిన్నదానా. సరుకు చూడమంటే తింటాడు."

అలా ఆయన ఏడాది పైన బతికారు. ఆ ఏడాది పొడుగునా రొట్టె రోజూ ఆయన చేతి కింద నుంచే మా కంచాల్లోకి వచ్చింది. మాకెవరికీ రోగం రాలేదు. రోజూ అదే తిని విసుగు మాత్రం వచ్చింది. పిల్లలు ఇడ్లీ కావాలని గోల పెట్టేవాళ్ళు. డ్రైవరు, "పెద్దాయన పాస్ చేశాడా, ఇంక తప్పదా?" అంటూ టీలో ముంచుకుని తినేవాడు. ఆయన నచ్చలేదంటే రొట్టె మళ్ళీ కుంపటెక్కాల్సిందే. ఆ పక్కన పదిమందికి అన్నం, కూర, పిల్లల బడి క్యారేజీలు ఎలాగూ ఉండేవి. బొగ్గుల బస్తా చానా తొందరగా అయిపోతోందని ఒకసారి నేనంటే, "అయితే ఖర్చులో ఇంకోటి రాయి," అంది అక్క. అంతకు మించి మాట్లాడే ఓపిక ఆమెకు ఉన్నట్టు లేదు.

పిండి పిసికీ పిసికీ ఆమె మణికట్టు వాచేది. గుడ్డ చుట్టుకుని పిసికేది. కాసేపు నడుం వాల్చమంటే, "పడుకుంటే మళ్ళీ లేవాలి గదే. గోడకానుకుంటా," అనేది. పిండి ఉబ్బేలోపు గోడకు చేరగిలబడి, కళ్ళు మూసుకునే చిక్కుడుకాయల ఈనెలు తీసేది. నేను అందుకోబోతే చెయ్యి తోసేది. ఆమె తిన్నదా లేదా అని ఆ ఇంట్లో అడిగినవాళ్ళను నేను వినలేదు. ఆమెకూ ఎవరైనా అడగాలని ఉన్నట్టు కనిపించేది కాదు.

మామయ్యగారు పోయాక ఇల్లు రెండైంది. బావగారు పొలం చూసుకుంటానని ఈపూరు వెళ్ళారు. అక్కడ ఆమె ఎన్నడూ రొట్టె కాల్చలేదు. నేను వెళ్ళినప్పుడు అడిగితే, "చాల్లేవే," అంది.

మామయ్యగారి ఆఖరి రోజుల్లోని ఒక పొద్దు మాత్రం నాకు ఇప్పటికీ కళ్ళముందు ఉంది. అప్పటికి ఆ ఎడమ చెయ్యి కూడా లేవటం లేదు. అక్కే ఆయన వేళ్ళను మడిచి పట్టుకుని, ఆ పిడికిలితో రొట్టె మీద కొట్టి, చెవి వంచి, ఆయన తీర్పు కోసం ఆగేది. ఆ రోజు రొట్టె చక్కగా పొంగింది. అడుగు కూడా ఎర్రగా కాలింది. మామయ్యగారు విని, "పచ్చి," అన్నారు.

"అట్టాగా మామయ్యా. ఇంకాసేపు పెడతా," అని అక్క మోకాలి మీద చెయ్యి ఆనించి లేచింది.

వంటింట్లో నేను, "కాలింది గదక్కా," అన్నాను.

"కాలింది. గట్టిగా అనకు."

రొట్టెను గుండిగలో పెట్టి మూత వేసింది. కుంపటిలో అప్పటికి బూడిద తప్ప ఏమీ మిగల్లేదు. కొత్త బొగ్గులు వెయ్యలేదు. పిల్లలు క్యారేజీల కోసం అరుస్తున్నారు. పొయ్యి మీద అన్నం పొంగుతోంది. అక్క గోడకానుకుని కూర్చుని, కళ్ళు మూసుకుని, వసారాలోకి చప్పుడు వినబడేలా, నిప్పు లేని ఆ కుంపటికి తాటాకు విసనకర్రతో విసురుతూ ఉంది.