ఎప్పుడు లేస్తావని అడిగే మా పెద్దమ్మ

పోయిన వారం మా పెద్దమ్మ పోయింది. కబురు వినగానే ఏడుపు రావాలి. నాకు మాత్రం ముందు ఆమె ప్రశ్నలూ, వాటితో మేం పడ్డ విసుగూ గుర్తొచ్చాయి. ఆమె అలాంటి మనిషి.

పెద్దమ్మ బిలాస్‌పూర్‌లో ఒక కాలేజీలో మనస్తత్వశాస్త్రం చెప్పేది. ఆ ఊళ్ళోనే కుదుదండ్ పేటలో ఒంటరిగా ఉండేది. ఎనభైల చివర్లో ఆమెకు నిద్ర మీద పరిశోధన పిచ్చి పట్టుకుంది. ఎవరి ఒళ్ళు ఏ వేళకు తనంతట తాను మేలుకుంటుందో ప్రశ్నలు అడిగి తేల్చాలట. మీ ఇష్టానికి వదిలేస్తే ఎప్పుడు లేస్తారు? లేవగానే ఆకలేస్తుందా? కష్టమైన పని ఏ పూట చేయబుద్ధవుతుంది? మేం ఉండే రైల్వే కాలనీలో ఆమె ఎక్కని గడప లేదు. ఒక పెళ్ళిలో పురోహితుణ్ణి కూడా ఆపి అడిగింది.

రైలు గార్డుగా పనిచేసే మా నాన్న ఓసారి విసుక్కున్నారు. "నా ఇష్టమేటండి, డ్యూటీకి పిలిస్తే లెగాల."

"పిలవకపోతే ఎప్పుడు లెగుస్తారు, మరిదిగారూ?"

"పిలవకపోవడమేటి?"

పెద్దమ్మ అదే ప్రశ్న మళ్ళీ అడిగింది. నాన్న చెప్పులేసుకుని బయటికి వెళ్ళిపోయారు.

ఆ రోజుల్లోనే మా అన్నయ్యకు పెళ్ళయింది. విజయనగరం పక్క పల్లె నుంచి వచ్చిన వదిన ఎంత పిలిచినా పొద్దున్నే లేవలేకపోయేది. లేచినా పాలు పొంగిపోతుంటే చూస్తూ నిలబడేది. కుళాయి వచ్చేదేమో ఆ పూటే. అమ్మ రోజూ తిట్టి తిట్టి, చివరికి పుట్టింటికి పంపేస్తానంది.

పెద్దమ్మ వదినను కూర్చోబెట్టి తన ప్రశ్నలన్నీ అడిగింది. తర్వాత వంటింట్లోకొచ్చి, "పిల్లది బద్ధకం కాదే. దాని ఒళ్ళే సాయంత్రం ఒళ్ళు. నిద్ర కూడా ఆకలి లాంటిదే, తిడితే మారదు," అంది.

"అచ్ఛా, మరి నీళ్ళెవరు పడతారప్పా, నీ ప్రశ్నలా?" అంది అమ్మ తన అక్కతో.

"నేను పడతాను."

మర్నాటి నుంచి తెల్లవారేసరికి మా వాకిట్లో రిక్షా దిగేది. బిందెలు నింపుతూ, నిద్ర ఎలా పట్టిందని అరిచి అడుగుతూ, వదినను తప్ప ఇంటిల్లిపాదినీ లేపేసేది. మాకు ప్రాణం విసిగిపోయింది. అమ్మ అయితే సిగ్గుతో ఉడికిపోయేది.

"అప్పచేత నీళ్ళు మోయిస్తన్నానని కాలనీ అంతా ఆడిపోసుకుంటంది. ఇంక మానీ."

"కోడల్ని పంపనని చెప్పు, మానేస్తాను."

వానాకాలమంతా ఇదే తంతు. చివరికి ఒకరోజు తడిసి ముద్దయి వచ్చిన అక్కను చూసి అమ్మ, "పంపనప్పా. నువ్వు ముందు ఆ బిందె దించు," అంది.

ఆ తర్వాత పొద్దుటి పని అమ్మది, సాయంత్రం ఇంటి పనంతా వదినది అయింది. కొన్నాళ్ళకు వదిన మధ్యాహ్నం పూట నడిచే ఒక బడిలో టీచరుగా చేరింది. పెద్దమ్మ పరిశోధన మాత్రం ముందుకు సాగలేదు. జవాబులకు పొంతన లేదని పై వాళ్ళు తిప్పి పంపారు. "డ్యూటీ మనుషుల్ని అడిగితే ఇంతే," అని ఆమె మమ్మల్నే విసుక్కుంది.

చివర్లో పెద్దమ్మ జబ్బు పడ్డాక రాత్రిళ్ళు దగ్గరుండి చూసుకున్నది వదినే.

దహనం అయిన మర్నాడు కుదుదండ్ ఇంట్లో చుట్టాలందరూ లేచి కూర్చున్నారు. వదిన చాప మీద ఒత్తిగిలి నిద్రపోతోంది.

"కోడలింకా లెగనేదేటి?" అని ఎవరో అడిగారు.

"లెగదు. కాస్త నెమ్మదిగా మాటాడండి," అంది అమ్మ.

ఎండ వదిన మొహం మీదికి వచ్చింది. కిటికీకి తెర లేదు. అమ్మ మోకాళ్ళు పట్టుకుని లేచి, వెళ్ళి ఆ కిటికీకి అడ్డంగా నిలబడింది.